రొట్టె లేని కూర

మా అత్త కాలికి తుమ్మముల్లు దిగింది తొలివానలు పడిన వారానికి. ఊరంతా ఆ ఏడాదిని పోలీస్ యాక్షన్ ఏడాది అంటుంది. మా ఇంట్లో మాత్రం చాలాకాలం దాన్ని ముల్లు గుచ్చిన ఏడాది అనే చెప్పుకున్నాం.

మేము గొర్లు కాసుకునేవాళ్లం. దేవరకొండకు బండి మీద ఒక పూట దారి మా ఊరు. నాకు అప్పుడు పదహారేళ్లు ఉంటాయేమో. కాపురానికొచ్చి రెండేళ్లు. మామ నేను రాకముందే పోయాడు. రజాకార్లు ఊరి మీద పడితే ముందు గొర్లనే తోలుకుపోతున్నారని మా ఆయన ఆ ఎండాకాలమే మందను గుట్టల వైపు మళ్లించుకుపోయాడు. ఎప్పుడో ఒకసారి ఎవరితోనో కబురు పంపేవాడు. ఇంట్లో అత్తా నేనూ మిగిలాం.

పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి మంద వెనక నడిచిన మనిషి ఆమె. అరికాళ్లు చెక్కలా ఉండేవి. ముల్లు గుచ్చుకుంటే ఇంకో ముల్లుతో తీసి, జిల్లేడు పాలు రాసి, మూడోనాటికి మరిచిపోయేది. ఈ ముల్లును కూడా అట్లాగే తీసింది. పుండు మాత్రం మానలేదు. పదిహేను రోజులైనా తడి తడిగానే ఉంది. దానికి తోడు విపరీతమైన దాహం. కుండెడు నీళ్లు తాగి మళ్లీ మళ్లీ పెరట్లోకి పోయేది. ఒక పొద్దున ఆమె పోయొచ్చిన జాగాలో చీమలు బారు కట్టి కనిపించాయి. ఎవరో బెల్లం నీళ్లు పారబోశారనుకున్నాను. పక్కింటి పెద్దవ్వ చూసి, తన మేనమామకూ ఇట్లాగే అయిందని, ఇది తీపి రోగమని, ఆలస్యం చేయకుండా దేవరకొండ హకీం దగ్గరికి తీసుకుపొమ్మని చెప్పింది.

దారిలో ఎవరు ఆపుతారో తెలియని రోజులు. పెద్దవ్వ కొడుకు బండి కట్టాడు. హకీం బక్కపలచని ముసలాయన. అత్త మూత్రం ఒక సీసాలో పట్టించి, దాన్ని ఎండలో పెట్టించి, చీమలు వచ్చేదాకా మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టాడు. చీమలు రావడానికి ఎంతోసేపు పట్టలేదు. అప్పుడు లోపలికి పిలిచి, పుండు చూసి, మెల్లగా చెప్పాడు.

"జొన్న బంద్. సజ్జ బంద్. బియ్యం బంద్. బెల్లం పేరు సుత తియ్యొద్దు. మాంసం తిను, గుడ్లు తిను, పెరుగు, నెయ్యి, ఆకుకూరలు, కాకరకాయ. కడుపు నిండ తిను, ఫికర్ లేదు. గింజ మాత్రం ముట్టొద్దు."

దసరా దాకా చూద్దామన్నాడు. అప్పటికీ పుండు ఎండకపోతే హైదరాబాదు పెద్ద దవాఖానలో పాదం తీసేయాల్సి వస్తుందన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, ఇక మీద ఇంట్లో గింజల పాతర నీ చేతిలో ఉండాలి, ఆమె చేతిలో కాదు, అన్నాడు.

తిరుగుదారిలో అత్త కట్టు కట్టిన కాలినే చూసుకుంటూ కూర్చుంది. పాదం పోతుందన్న మాట గురించే ఆలోచిస్తోందనుకున్నాను. ఊరు దగ్గరపడ్డాక అడిగింది.

"అన్ని కూరలే చెప్పిండు. కూరను దేనితోటి తింటరే పిల్లా?"

గొర్లు కాసేవాళ్లకు మాంసానికేం తక్కువ అని బయటివాళ్లు అనుకుంటారు. మంద మాకు ఆస్తి. కడుపు కోసం దాన్ని కోసుకోవడమంటే ఇంటి వాసాన్ని పొయ్యిలో పెట్టుకోవడమే. గొర్రె గుట్ట మీద నుంచి పడితేనో, దేవతకు మొక్కు ఉంటేనో మాంసం. గుడ్లు పొదగేయడానికి, ఉన్న ఒక్క బర్రె నెయ్యి అంగడికి. మా కడుపులు నింపేది జొన్నరొట్టె, జొన్నరవ్వ ఉడికించిన గటుక. కూర అంటే రొట్టె గొంతు దిగడానికి వేలికంటుకునేంత. రొట్టె లేని కూర మాకు వరుడు లేని పెళ్లిలాంటిది.

మొదటి నాలుగు రోజులు ఘోరంగా గడిచాయి. తోటకూర, పుంటికూర, బీరకాయ, ఏది దొరికితే అది వండి గిన్నె నిండా పెట్టాను. వేళ్ల కొసలతో అంతా తిని, చెయ్యి కంచంలోనే ఉంచి కూర్చునేది.

"కూర బాగుంది. ఇగ బువ్వ పెట్టు," అనేది.

అయిపోయిందత్తా అంటే చెయ్యి కడుక్కునేది కాదు. కడుపు నిండినా చేతికి తిన్నట్టు లేదు ఆమెకు.

ఇక్కడ ఒక మాట దాచకుండా రాయాలి. అంతకుముందు రెండేళ్లూ నాకు ఎన్ని రొట్టెలో కొలిచి పెట్టింది అత్తే. రెండు పెట్టేది. మూడోది కావాలంటే ఆమె తినడం అయ్యేదాకా ఆగాలి. అది దుర్మార్గమని అనను, ఆమె అత్త కూడా ఆమెకు అట్లాగే పెట్టి ఉంటుంది. కానీ రొట్టెల గంప నా చేతికి వచ్చాక, మొదటిసారి "లేదత్తా" అన్నప్పుడు, నా లోపల చిన్న సంతోషం కదిలింది. మరుక్షణం సిగ్గుపడ్డాను. సిగ్గుపడ్డా ఆ సంతోషం ఉన్నమాట నిజం.

అయిదోరోజు రొట్టెలు చేస్తూ ఆమె వైపు చూశాను. గడప దగ్గర కూర్చుని, పిండి మీద నా అరచెయ్యి పడే చప్పుడు వింటోంది. చిన్నపిల్లలు జాతర డప్పు వింటున్నట్టు. ఆ పూట నాకు రొట్టె తినబుద్ధి కాలేదు. బుట్ట కింద పొదగేయడానికి దాచిన గుడ్లు మూడు తీశాను. పుంటికూర సన్నగా తరిగి, ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ, ఉప్పు వేసి, గుడ్లు కొట్టి గిలక్కొట్టాను. రొట్టె పెనం మీదనే నెయ్యి పూసి మందంగా పోశాను. మూత పెట్టి, అంచులు లేచాక తిప్పేశాను. రొట్టెలా గుండ్రంగా, అక్కడక్కడా నల్లగా కాలి వచ్చింది. రొట్టె పెట్టే కంచంలోనే పెట్టి, పక్కన ఒట్టి తునకల కూర వేశాను. మంద గుట్టలకు పోకముందు లోయలో పడి చచ్చిన గొర్రె మాంసాన్ని ఉప్పు, పసుపు వేసి తీగ మీద ఎండబెట్టుకున్నాం, ఆ తునకలు.

అత్త ఒక అంచు పట్టుకుని లాగింది. ముక్క చేతిలోకి వచ్చింది. దాంతో తునకను పట్టి నోట్లో పెట్టుకుంది.

"తెగుతాంది," అంది.

అంతే అంది. సగం తిన్నాక మాత్రం తలెత్తి చూసి, "అంతా బాగుంది గని, చప్పుడే లేదు," అని, పక్కనున్న పీట మీద అరచేత్తో టపటపా రెండు దెబ్బలు కొట్టి మళ్లీ తినడం మొదలుపెట్టింది. అత్త ముందు నోరు తెరిచి నేను నవ్వింది అదే మొదటిసారి. తర్వాత ప్రతి పూటా తినేముందు పీట మీద రెండు దెబ్బలు కొట్టనిదే ముక్క తెంపేది కాదు.

అక్కడి నుంచి తోవ దొరికింది. వానాకాలం కాబట్టి ఆకులకు కొదవ లేదు. సర్కారుకు లెవీ గింజలు వసూలు చేసేవాళ్లు, రజాకార్లు, ఎవరొచ్చినా జొన్నల కోసమే ఇల్లంతా వెతికేవారు, అందుకే ఊళ్లో గింజలన్నీ పాతరల్లో మట్టి కింద ఉన్నాయి. ఆకులను ఎవరూ ఎత్తుకుపోలేదు. అత్త కాలు పీట మీద చాపి గడపలో కూర్చుని, తన కళ్లతో చూస్తున్నట్టే నాకు జాడలు చెప్పేది. ఫలానా గట్టు కింద బోడకాకర తీగ ఉంటుంది, కాయ ముదరకముందే తెంపుకురా. ఫలానా చెలకలో చెంచలికూర, రాళ్ల దిక్కు గునుగు. ఉరుములు ఉరిమిన మర్నాడు పొద్దున్నే పుట్టల దగ్గరికి పో, పుట్టకొక్కులు లేచి ఉంటాయి. నలభై ఏళ్లు గొర్ల వెనక తిరిగి ఆమె నేర్చుకున్నదంతా ఆ రెండు నెలల్లో నా బుట్టలోకి వచ్చింది.

ఒక్కోదానికి ఒక్కో తోడు ఉంటుందని కూడా అప్పుడే తెలుసుకున్నాను. బోడకాకరకాయను వేయించి దంచిన నువ్వులు చల్లితే ఒట్టిదే తినొచ్చు. పుట్టకొక్కులకు ఉప్పు, కారం, ఇంత నెయ్యి చాలు, ఇంకేం వేసినా చెడుతుంది. గడ్డపెరుగులో పచ్చి ఉల్లిగడ్డ కోసుకుంటే నోరు ఇంకేం అడగకుండా ఊరుకుంటుంది. పుల్లటిది ఏదో ఒకటి కంచంలో ఉంటే రొట్టె గుర్తుకు రావడం తగ్గుతుందని అత్త కనిపెట్టింది. ఇప్పుడు నాకూ అదే రోగం. నల్గొండ దవాఖానలో ఒక కాగితం ఇచ్చారు, తినదగినవి ఒక వైపు, తినకూడనివి ఒక వైపు. అరవై ఏళ్లకు అక్షరాలు నేర్చుకున్నదాన్ని కాబట్టి కూడబలుక్కుని నేనే చదివాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. చెయ్యి దేన్ని తెంపాలో మాత్రం అందులో లేదు.

శ్రావణం వచ్చేసరికి పుండు అంచున లేత చర్మం మొదలైంది. మనిషి మాత్రం చిక్కింది. బుగ్గలు లోపలికి పోయాయి. చేదబావి దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి గొంతు తగ్గించడం మొదలుపెట్టారు. అత్తకు బుక్కెడు గటుక పెట్టడం లేదట, పాతర చేతికి రాగానే ముసలిదాన్ని ఎండబెడుతోందట. రోగమని చెబితే, తిండి మానేస్తే తగ్గే రోగం ఎక్కడైనా ఉంటుందా అన్నారు. ఆ రోజుల్లో మా ఊళ్లో తగాదాలు దొర గడీకి పోవడం మానేసి, ఆయనకు ఎదురు నిలిచిన సంఘం దగ్గరికి పోతున్నాయి. నా సంగతి కూడా ఎవరో సంఘంలో పెట్టారు.

ఒక పొద్దున ఇద్దరు సంఘపోళ్లు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. అందులో ఒకాయన అత్తకు మరిది వరుస. ఇంట్లో జొన్నలు లేవా అని నన్ను అడిగాడు. ఉన్నాయన్నాను. మరి ముసలామెకు ఎందుకు పెట్టడం లేదన్నాడు. హకీం మాట చెప్పబోయాను. వీధిలో అప్పటికే నలుగురైదుగురు ఆడవాళ్లు కడవలు దించి నిలబడ్డారు.

అత్త గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది.

"నాకు గుడ్డు పెడ్తాంది, నెయ్యి పెడ్తాంది, తునకలు పెడ్తాంది. తను ఒట్టి రొట్టె ఉల్లిగడ్డతోటి తింటాంది. ఎవరు ఎవర్ని ఎండబెడ్తున్నరో మీరే చెప్పుండ్రి మరిదీ."

అత్త ఊరుకోకుండా పొయ్యి మీది గుడ్డు రొట్టె తెచ్చి ఇద్దరికీ చెరిసగం పెట్టమంది. మరిది తిని, మూతి తుడుచుకుని, "గిసొంటి రోగం నాకు సుత వస్తే బాగుండు వదినా," అని లేచాడు. వీధిలో ఆడవాళ్లు కూడా నవ్వారు.

సంఘం దగ్గర నా మీద మాట పోయింది. బావి దగ్గర పోలేదు. మరుసటి వారం పక్కింటి పెద్దవ్వ మంచికే చెప్పింది. ఏం పెట్టకపోయినా పొద్దున ఇంత అంబలి పొయ్యమంది. అంబలి ఒంటికి చలువ, తీపి రోగం వేడి మీద వస్తుంది, అదేమన్నా తిండా, నీళ్లే కదా అంది.

నాకూ అది తిండి అనిపించలేదు. మా దగ్గర మూడు ముంతల అంబలి తాగిన మనిషిని తిన్నావా అని అడిగితే ఇంకా ఏం తినలేదనే చెబుతాడు. జ్వరమొచ్చినవాళ్లకు అంబలి, ఎండన పడి వచ్చినవాళ్లకు అంబలి, వాకిట్లోకి వచ్చిన పరాయివాళ్లకు అంబలి. హకీం ముట్టొద్దన్న గింజలో దాన్ని నేను లెక్కపెట్టలేదు. అందుకే ఆ మర్నాటి నుంచి అత్తకు పొద్దున్నే ముంతెడు పోశాను.

ఇంట్లో పోయలేదు. అరుగు మీద కూర్చోబెట్టి పోశాను, బావికి పోయేవాళ్లందరికీ కనబడేటట్టు.

ఒకనాడు ఆమె ముంత దించి, "ఇగ చాలు పిల్లా," అంది. ఇంకొంచెం తాగు అత్తా అన్నాను. వీధిలో ఇద్దరు పోతున్నారు. ఆమె వాళ్ల వైపు ఒకసారి చూసి, ముంత ఎత్తి తాగింది.

ఇరవై రోజులు కాకముందే లేత చర్మం చిట్లింది. పుండు మళ్లీ తడిసింది. చిటికెన వేలు నల్లబడటం మొదలైంది. దారులు పూర్తిగా మూసుకుపోయాయి, హకీం దగ్గరికి పోయే వీలే లేదు. వేపాకు నీళ్లతో కడిగి, పసుపు అద్దుతూ ఉన్నాను. అప్పుడే ఒకరోజు ఆకాశంలో విమానం పోయింది. నాలుగైదు రోజులకు మిలిట్రీ లారీలు వచ్చాయి. రజాకార్లు పారిపోయారని ఊరు ఊరంతా బయటికి వచ్చింది. మా ఆయన మందతో దిగాడు. అత్త కాలు చూసి వెంటనే బండి కట్టాడు.

దేవరకొండలో హకీం ఉన్న వీధిలో తలుపులన్నీ మూసి ఉన్నాయి. ఊళ్ల మీద పడి దోచినవాళ్లు పారిపోతే, ఏ పాపమూ ఎరుగని తురకల ఇళ్ల మీదికి జనం పోతున్న రోజులవి. చాలాసేపు తట్టాం. ముల్లు గుచ్చిన ముసలిదాన్ని సాబు, అని అత్త తన పేరు చెప్పుకున్నట్టు చెప్పింది. తలుపు జానెడు తెరుచుకుంది. హకీం గుర్తుపట్టలేనంతగా నలిగిపోయాడు. లోపలికి రమ్మని మళ్లీ గొళ్లెం పెట్టాడు.

పుండు చూసి, ఏమేం పెట్టానని నన్నే అడిగాడు. నేను పాఠం అప్పజెప్పినట్టు చెప్పాను. పుంటికూర వేసి పోసిన గుడ్డు రొట్టె, తునకలు, బోడకాకర, పెరుగు, నువ్వులు. ఒక్కోదానికీ తల ఊపాడు.

"ఏం తాగుతాంది?"

"సల్ల, నీళ్లు, అంబలి."

ఆయన చెయ్యి కట్టు మీద ఆగిపోయింది.

"అంబలి దేనితోటి చేస్తవు బిడ్డా?"

"జొన్నపిండితోటి," అన్నాను. ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చి నా చెవిలో పడ్డాక గాని నాకు అర్థం కాలేదు.

ఎవరూ మాట్లాడకముందే అత్త అందుకుంది. "నేనే అడిగిన సాబు. పిల్లను ఏమనకు."

ఆమె ఎప్పుడూ అడగలేదు.

హకీం సర్కారు దవాఖాన డాక్టరుకు ఒక చీటీ రాసి ఇచ్చాడు. పాదం ఆగుతుందేమో, వేలు మాత్రం ఆగదన్నాడు. మేము తెచ్చిన గుడ్ల గంప, నెయ్యి గురిగి అత్త ఆయన ముందు పెట్టింది. ఆ ఇంట్లోవాళ్లు బజారుకు పోయి ఎన్నాళ్లయిందో, రెండు చేతులా అందుకున్నాడు. పరదా వెనక నుంచి ఆయన భార్య, ఆ గుడ్డు రొట్టె ఎట్లా చేస్తారని మెల్లగా అడిగింది. అత్త పుంటికూర తరగడం దగ్గర నుంచి తిప్పేయడం దాకా చెప్పి, ఆఖర్న నేల మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, గిది మరువొద్దు అంది. పరదా వెనక చిన్నగా నవ్వు వినిపించింది.

దవాఖాన దాకా ఆ చీటీ నా చేతిలోనే ఉంది. నా తప్పు కూడా అందులో రాశాడేమోనని తిప్పి తిప్పి చూశాను. ఈ రోజు దొరికినా చదవలేను. నేను నేర్చుకున్నవి తెలుగు అక్షరాలు, ఆయన రాసింది ఉర్దూ.

డాక్టరు చిటికెన వేలు తీసేశాడు. పాదం నిలిచింది. మళ్లీ అంబలి పొయ్యలేదు. బావి దగ్గర ఎవరేమన్నారో వినలేదు. కందికోతల నాటికి పుండు పూర్తిగా మానింది. అత్త కొత్త చెప్పులు కుట్టించుకుని, వేలు లేని జాగాలో మా గొర్ల ఉన్నినే కూరుకుని, మళ్లీ మంద వెనక బయలుదేరింది. అందరి సద్దిమూటలో గటుక, ఆమె మూటలో గుడ్డు రొట్టె. ఇంకా పదకొండేళ్లు బతికింది.

ఆ వేలు సంగతి ఆమె ఎన్నడూ ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక చాలా ఏళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం, కంచం ముందు పెడుతూ అడిగాను. అంబలి అరుగు మీదనే ఎందుకు పోశానో నీకు తెలుసా అత్తా అని.

"ఎరుకే," అంది.

"చాలు అన్నవు గద. మళ్లెందుకు తాగినవు?"

"ఒంటికి పడ్తలేదని అనుమానమైంది. గాని బావికాడ నిన్నే అనవట్టిరి."

ఆమె పీట మీద అరచేత్తో రెండు దెబ్బలు కొట్టి, రొట్టె అంచు తెంపి, నెయ్యి జర తక్కువైందని చెప్పింది.